గణకయంత్రంపై మన చేతి కుంచె

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాల పాఠశాల చరిత్రను గురించి పెద్దలు ఇదివరకే సవిస్తరంగా ముచ్చటించారు. నాకు ఒప్పగించిన అంశం చిన్నది. పూర్వ విద్యార్థుల విరాళంతో మన చిత్రలేఖన గదికి సమకూరిన డ్రాయింగ్ టాబ్లెట్లను గురించి, వాటి మీద మన పిల్లలు తయారు చేసుకుంటున్న కుంచెలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కోరారు. అంశం చిన్నదే గాని, దానిపై నాకు అందిన ప్రశ్నలు చిన్నవి కావు. ఒక తల్లి గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది: "పిల్లగాండ్లకు ఫోన్ మానిపియ్యమని మీరే చెప్తరు. మళ్ల ఇదేంది టీచర్?" మరొక తండ్రి అన్నాడు: "అందులో కుంచెలు వందలకొద్దీ తయారుగా ఉంటయ్ గద. మళ్ల కొత్తగ చేసుడు ఎందుకు?" మొదటి ప్రశ్నకు చివర సమాధానం చెబుతాను. రెండవ ప్రశ్నే నా ప్రసంగానికి మూలం.

ముందుగా ఈ యంత్రం గీతను ఎట్లా గుర్తుంచుకుంటుందో తెలియాలి. షోలాపూర్ పద్మశాలీ కుటుంబాలలో పుట్టిపెరిగిన వారికి ఇది బోధపరచడం ఏమంత కష్టం కాదు. జకార్డు మగ్గానికి నమూనా వేసేవారు గళ్ల కాగితం పరుచుకొని ఒక్కొక్క గడినీ రంగుతో నింపుకుంటూ పోయేవారు. నిలువు వరుస పడుగు, అడ్డు వరుస పేక. నిండిన గడికి అట్టలో ఒక రంధ్రం. రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి పోయి పడుగు పోగును లేపుతుంది. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804 ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించాడు. ఫోనులో మనం తీసే ఛాయాచిత్రం కూడా ఇటువంటి గళ్ల కాగితమే. గళ్లు లక్షలలో ఉంటాయి, అదే భేదం. దానిని సాగదీసి పెద్దది చేస్తే గళ్లు బయటపడి, మామిడిపిందె వంపు మెట్లుమెట్లుగా కనబడుతుంది.

వెక్టర్ చిత్రం అటువంటిది కాదు. అది ముగ్గు నేర్పే పద్ధతి. తల్లి కూతురికి ముగ్గు నేర్పేటప్పుడు గడులు లెక్కపెట్టదు. ఈ చుక్క దగ్గర మొదలుపెట్టు, ఆ చుక్కను చుట్టుకొని పో, ఇక్కడ కలుపు అంటుంది. అందుచేతనే ఒకే ముగ్గు దేవుని గదిలో జానెడుగాను, సంక్రాంతినాడు వాకిలంతటాను వేయగలుగుతాము. వెక్టర్ చిత్రంలో యంత్రం దాచుకొనేది ఆ ఆదేశాలనే. వంపును కొన్ని బిందువులతో, ఆ బిందువుల వద్ద గీత ఎటు లాగబడుతున్నదో తెలిపే పిడులతో చెప్పవచ్చునని ఫ్రాన్సులో రెండు కార్ల కర్మాగారాలలో పనిచేసినవారు కనుగొన్నారు. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోను, రెనోలో పియర్ బెజియే 1960 దశకంలోను కారు రేకుల వంపుల కోసం చేసిన గణితం అది. ఈనాడు అచ్చయ్యే ప్రతి తెలుగు అక్షరమూ ఆ రకపు వంపులతోనే గీయబడుతున్నది.

అయితే ఇందులో ఒక లోటు ఉన్నది. ఆదేశంగా మాత్రమే దాచిన గీత ఇనుప తీగవలె మొదటి నుండి చివర వరకు ఒకే లావుగా ఉంటుంది. అందులో చెయ్యి కనిపించదు. ఆ తీగకు ఒడలు తొడగడానికే కుంచె కావాలి.

మా పిల్లలు వాడుతున్నది ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2003లో ఆరంభమైన ఈ కార్యక్రమాన్ని ప్రపంచ వ్యాప్తంగా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు పెంచి పోషిస్తున్నారు. వృత్తిచిత్రకారులు ఎక్కువగా వాడే ఇలస్ట్రేటర్ చాలా సమర్థమైనదే గాని, దానికి నెలనెలా చందా చెల్లించాలి. మన పాఠశాల శక్తిని బట్టియు, పిల్లలు ఇంటి కంప్యూటరులో కూడా పెట్టుకోగల సౌకర్యాన్ని బట్టియు దీనిని ఎంచుకున్నాము. టాబ్లెట్ అంటే నల్లని పలక వంటి వస్తువు. దానిపై తెర ఉండదు. పిల్లలు దానిని పలక అనే పిలుస్తున్నారు. దానితో వచ్చే కలం ఒత్తిడిని గుర్తిస్తుంది. మామూలు పలకలు సైతం ఒత్తిడిని 4096 మెట్లుగా కొలుస్తాయని తయారీదారులు చెబుతారు. పిల్లవాని వేలికి వాటిలో ఎన్ని తెలుస్తాయన్నది వేరే సంగతి.

ఇంక్‌స్కేప్‌లో కుంచెను మలచుకోవడానికి రెండు మార్గాలు మేము అనుసరించాము. మొదటిది కాలిగ్రఫీ పరికరం. అందులో వెడల్పు, వేగానికి సన్నబడడం, పాళీ వాలు, వాలు స్థిరత్వం, వణుకు, బరువు అనే కొన్ని అంకెలు ఉంటాయి. ఆ పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు పేర్లు మా తొమ్మిదవ తరగతి పిల్లలు పెట్టుకున్నవి. బిందువుకు వారు 'ముడి' అని, గీత పోయే మార్గానికి 'దారి' అని, ఒక ఆకృతిని ఆ మార్గం వెంట పరచడానికి 'దారి వెంట అల్లిక' అని పేర్లు పెట్టారు. ఏ నిఘంటువును చూసి పెట్టినవి కావు, మగ్గం దగ్గర విన్న మాటలు. తెలుగు మాధ్యమంలో చదివితే కంప్యూటరు రాదని భయపడే వారికి నేను ఈ పదాల పట్టికను చూపిస్తున్నాను.

వేగానికి సన్నబడడం అన్నది ముగ్గు వేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నుండి పిండి జారేటప్పుడు చెయ్యి వడిగా సాగితే గీత సన్నబడుతుంది, నిదానిస్తే లావెక్కుతుంది. ఈ అంకె పెంచితే కంప్యూటరు గీత కూడా అదే విధంగా ప్రవర్తిస్తుంది. బరువు పెంచితే కలం చేతికి వెనకగా ఈడ్చుకుంటూ వస్తుంది. పదునైన మలుపులు గుండ్రబడతాయి. వణుకు పెంచితే గీత అంచు గరుకెక్కుతుంది. ఈ అంకెలను అటూ ఇటూ మార్చి, నచ్చిన కూర్పుకు ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. ఒక బాలిక దాచుకున్న కుంచె పేరు 'అవ్వ ముగ్గు'. వేగానికి సన్నబడడం ఎక్కువ, వణుకు రవ్వంత. అది తయారు చేయడానికి ఆమె రెండు ఉదయాలు వాకిట్లో కూర్చుని అవ్వ చేతిని గమనించింది. కంప్యూటరు ముందు గడిపిన సమయం కంటె ఆ వాకిట్లో గడిపిన సమయమే ఎక్కువ.

ఇక పాళీ వాలు. "తయారుగా ఉన్న కుంచెలు ఉండగా" అన్న ప్రశ్నకు అసలైన సమాధానం ఇక్కడ ఉన్నది. ఈ పరికరంలో ముందుగా పెట్టి ఉంచిన వాలు ముప్పయి డిగ్రీలు. అది రోమన్ లిపిని వెడల్పు పాళీతో రాసేవారి చేతికి అలవాటైన వాలు. ఆ వాలుతో తెలుగు అక్షరం రాసి చూడండి. తలకట్టులో ముందు కుడివైపుకు దిగే పొట్టి గీత ఒకటి, తరువాత కుడివైపుకే పైకి సాగే పొడుగు గీత ఒకటి ఉంటాయి. ముప్పయి డిగ్రీల పాళీతో దిగే పొట్టి గీత మొద్దుగా వస్తుంది. పైకి సాగే గీత, పాళీ వాలిన దిశలోనే పోతుంది గనుక, వెంట్రుకవలె సన్నబడిపోతుంది. అక్షరానికి శిరోభూషణం కావలసినది నిలువునా చిక్కిపోతుంది. పిల్లలు మొదట తమ చేతిరాతే బాగా లేదనుకున్నారు. వారిలో ఒకడు వాలును సున్నాకు తెచ్చి, ఆపైన ముప్పయిని రెండవ దిక్కుకు వాల్చి రాసి చూశాడు. తలకట్టు నిండుగా లేచింది. లోపం చేతిది కాదు, మరొక లిపి కోసం అమర్చిన పనిముట్టుది అని ఆ పిల్లలు తమంత తాము తెలుసుకున్నారు. ఒక్కమాట. వాలు స్థిరత్వం నూరు ఉన్నప్పుడే పాళీ తన కోణంలో నిలిచి ఉంటుంది. దానిని సున్నా చేస్తే పాళీ ఎప్పుడూ గీతకు అడ్డంగా తిరుగుతూ ఉండి లావు సన్నాల భేదమే పోతుంది. గుండ్రని అక్షరాలకు ఈ రెంటికీ నడుమ ఎక్కడో సరైన చోటు ఉన్నది. అది ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

రెండవ మార్గం కొంత శ్రమతో కూడినది, నాకు ఎక్కువ ఇష్టమైనది. ఇందులో కుంచె కాగితం మీద పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తమ కలాన్ని తామే చేసుకుంటారు. సన్నగా చెక్కిన వెదురుపుల్లకు మొనకు కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును పీల్చుకుని ఉంటుంది; వేలితో నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. ఒత్తిడిని గుర్తించే కలం మనకు జపాను నుండి కొత్తగా వచ్చినదేమీ కాదని నేను పిల్లలతో అంటూ ఉంటాను. మా పిల్లలు అటువంటి కలాలు తలా ఒకటి చేసుకున్నారు. ఎవరి కలమూ మరొకరి దానివలె లేదు. ఆ కలంతో దళసరి కాగితం మీద నల్ల సిరాతో ఒకే విసురు, ఎడమ నుండి కుడికి, అడ్డంగా. అటువంటివి ఇరవై వేసి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి.

దానిని నీడ పడకుండా పగటి వెలుతురులో ఫొటో తీసి ఇంక్‌స్కేప్‌లోకి తెచ్చి, ట్రేస్ బిట్‌మ్యాప్ అనే ఆదేశం ఇస్తే, నలుపు భాగం చుట్టూ యంత్రం దారి గీస్తుంది. సిరా ఆరిపోయి చీలిన చివరల్లో ముడులు వందలకొద్దీ పడతాయి. ముడులు ఎక్కువైతే ఆ కుంచెతో ఒక పువ్వు గీసేసరికి పాత కంప్యూటర్లు ఆయాసపడతాయి. కనుక సింప్లిఫై అనే ఆదేశంతో ముడులు తగ్గించాలి. ఒకసారి, రెండుసార్లు సరిపోతుంది. నాలుగుసార్లు చేస్తే కలం చీలిక, గరుకు అన్నీ పోయి సబ్బుబిళ్ల వంటి ఆకృతి మిగులుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పే అంకె ఏదీ లేదు. కాగితం మీది విసురును పక్కన పెట్టుకుని చూచి తేల్చుకోవలసిందే. తరువాత ముక్కలన్నిటినీ ఒకే దారిగా కలిపి, కాపీ చేసి, పెన్సిల్ పరికరంలో ఆకృతి అన్నచోట 'క్లిప్‌బోర్డు నుండి' అని ఎంచుకుంటే, ఇక గీసే ప్రతి గీతా ఆ సిరా విసురును ధరించి వస్తుంది.

దీనితో పిల్లలు అక్షరాలు రాయబోయారు. ఒకే ఊపులో 'క' రాస్తే పదునైన మలుపు దగ్గర కుంచె, మడిచిన బట్టవలె ముడుచుకుపోయింది. కలం ఎత్తి ఎత్తి, క్రింది సుడి ఒక విసురు, తలకట్టు మరొక విసురుగా రాస్తే చక్కగా వచ్చింది. అక్షరాన్ని ఎన్ని విసురులుగా, ఏ వరుసలో రాయాలో ఒకటవ తరగతిలో దిద్దించిన సంగతి తొమ్మిదవ తరగతిలో వారికి మళ్లీ పనికివచ్చింది. దిద్దించే పద్ధతిని ఇంకా వదలని మన ప్రాథమిక విభాగపు ఉపాధ్యాయినులకు ఈ సందర్భంలో కృతజ్ఞత తెలుపుకోవడం నా విధి.

ఇక మీ చేతుల్లో ఉన్న ఈ సంచిక పుటలకు వేసిన అంచులను గురించి. వాటిని చూసి కొందరు పెద్దలు ఎక్కడో చూసినట్టున్నదే అన్నారు. చూసే ఉంటారు. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఇంటి అటక మీది గోనెసంచిలో నుండి మూడు గళ్ల కాగితపు చుట్టలు తెచ్చింది. ఆమె తాతగారు తమ యౌవనంలో మగ్గానికి వేసిన అంచు నమూనాలు అవి. ఒక చుట్టను సగం పురుగు తినివేసింది. ఇటువంటి చుట్టలు మన పేటలో ఎన్ని ఇళ్లలో తూకానికి వెళ్లిపోయాయో మీకు తెలుసు. నమూనాలు కంప్యూటరులో వేయడం వచ్చిన తరువాత, కాగితం ఇంట్లో స్థలం ఆక్రమించే చెత్తగా తోచింది.

ఆ కాగితాన్ని ఫొటో తీసి యథాతథంగా ట్రేస్ చేస్తే మెట్లుమెట్లుగా గళ్లే వచ్చాయి. ఆ మెట్లు మగ్గం కోరినవి. తాతగారి మనస్సులో ఉన్నది వంపు. ఏది ఆయన ఉద్దేశించిన మలుపు, ఏది గడి కోసం చేసిన సర్దుబాటు? కాగితం ఆ సంగతి చెప్పదు. మనుమరాలు తన ఊహతో వంపు గీసి ఆయనకు చూపించింది. పిందె మొన తిరిగిన తీరు సరిగా లేదన్నారు. సుద్దముక్క తెప్పించుకుని నేల మీద గీసి చూపించారు. మరునాడు ఆయన్నే చిత్రలేఖన గదికి తీసుకువచ్చి పలక మీద గీయించారు. ఎనభై దాటిన చెయ్యి, కొద్దిగా వణికింది. ఆ వణుకును సింప్లిఫై చేసి తీసివేయాలా వద్దా అని పిల్లల మధ్య పెద్ద తర్జనభర్జన జరిగింది. బట్ట మీద అంచు నున్నగానే ఉండేది కదా అని కొందరు. ఇప్పుడు గీసింది ఈ చెయ్యి కదా అని ఆ బాలిక. చివరకు రెండు ప్రతులు దాచారు. అంచుకు వాడినది నున్ననిది. రెండవది సంచిక చివరి పుటలో ఒంటరిగా అచ్చయింది.

ఆ పిందెను దారి వెంట అల్లికలో 'సాగదీసి పునరావృతం' అన్న పద్ధతిలో పరిస్తే అంచు తయారైంది. మూలలు మాత్రం కుదరలేదు. ఇలస్ట్రేటర్‌లోని నమూనా కుంచెకు పక్క, వెలుపలి మూల, లోపలి మూల, మొదలు, చివర అని అయిదు ముక్కలు విడివిడిగా ఇవ్వవచ్చు. ఇంక్‌స్కేప్ అల్లికలో ఆ వసతి లేదు. కనుక నాలుగు అంచులు విడివిడిగా పరిచి, మూలకు వేరే చతురం గీసి అతికించారు. నిలువంచు, అడ్డంచు కలిసేచోట ఏమి నేయాలన్నది చద్దరు నేసిన వారందరూ ఎదుర్కొన్న సమస్యే గనుక, దానికి పరిష్కారం కూడా తాతగారి రెండవ చుట్టలోనే దొరికింది. పుట అంచుకు వాడిన ఆ ఫైలునే సాగదీసి గేటు మీది పెద్ద బ్యానరుకు వాడాము. పిందె ఎక్కడా గళ్లుగా విరగలేదన్నది దగ్గరకు వెళ్లి చూడవచ్చు.

ఒక విషయం నేను పట్టుబట్టి చేయించాను. ఇటువంటి ఫైలును ఎవరైనా క్షణంలో నకలు తీసుకోగలరు. గళ్ల కాగితం పోతే వస్తువు పోయేది. ఇప్పుడు వస్తువు మిగిలి, చేసినవాని పేరు పోతుంది. ఇంక్‌స్కేప్ పత్ర లక్షణాలలో మెటాడేటా అని ఒక చోటు ఉన్నది. శీర్షిక, సృష్టికర్త, హక్కులు మొదలైన వివరాలు అక్కడ రాస్తే అవి ఫైలులోనే ఉంటాయి. ప్రతి కుంచె ఫైలులోను సృష్టికర్త అన్నచోట చేసిన వారి పేరు, ఎవరి చేతిని చూసి చేశారో వారి పేరు రాయనిదే దానిని తరగతి ఖజానాలోకి తీసుకోము. తుడిచివేయదలచిన వారిని ఇది ఆపలేదు. కానీ తన తాత పేరును తెలుగులో టైపు చేసి, దానిని తెర మీద చూసుకున్న పిల్ల ముఖాన్ని నేను చూశాను. మగ్గం మీద నేసిన బట్టలో ఆయన పేరు ఏనాడూ పడలేదు.

మొదటి ప్రశ్న మిగిలింది: ఇది ఫోను కాదా, చేతిరాత చెడదా? ఫోను చేతిలో ఉన్నప్పుడు పిల్లవాడు చూస్తాడు; ఇక్కడ చేస్తాడు. అయినా ఆ భేదం ఒక్కటే చాలదని నాకు తెలుసు. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టాము. ఏడవ తరగతి లోపు పలక లేదు. ఆ పై తరగతులలో కాగితం మీద ఇరవై విసురులు చూపించనిదే కంప్యూటరు తెరవనివ్వము. వారానికి రెండు పీరియడ్లు మాత్రమే. బయట నుండి దింపుకున్న తయారు కుంచెలను గదిలో వాడనివ్వము. ఇంట్లో వాడుకుంటే అభ్యంతరం లేదు. ఈ చివరి నియమం కఠినమని మా చిత్రలేఖన ఉపాధ్యాయుని అభిప్రాయం. మంచి కుంచెలను చూసి నేర్చుకునేది కూడా ఉంటుందన్న ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఈ ఏడాదికి మాత్రం నా మాట నెగ్గింది.

పూర్వ విద్యార్థులను ఒకటి అర్థిస్తున్నాను. ఇంకా టాబ్లెట్లు కొనివ్వమని కాదు. ఉన్నవి చాలు. మీ ఇళ్లలో, మీ అత్తవారిళ్లలో అటకల మీద గళ్ల కాగితపు చుట్టలు, అట్టలు, ముగ్గుల పుస్తకాలు ఏవైనా ఉంటే తూకానికి వేయకముందు ఒక్కరోజు మాకు ఇవ్వండి. ఫొటో తీసుకుని, జాగ్రత్తగా తిరిగి ఇస్తాము. వేసినవారు జీవించి ఉంటే వారిని కూడా వెంట తీసుకురండి. కాగితం చెప్పనిది వారే చెప్పాలి.

వరండా చివరి గదిలో పిల్లలు ఈ సాయంత్రం అయిదు గంటల వరకు ఉంటారు. వెదురు కలాలు, సిరా, కాగితం ఒక బల్ల మీద, పలకలు రెండవ బల్ల మీద ఉన్నాయి. దయచేసి మొదట కాగితం బల్ల దగ్గరకు వెళ్లండి.